గుడ్డు అడ్డం పడితే ఒతిలియా దగ్గరికి

మా చెల్లెలు ఒతిలియా చేతుల్లో బతికి బయటపడ్డ మొదటి కోడి పేరు పుతి. తెల్ల పెట్ట. అప్పుడు ఒతిలియాకు ఇరవై తొమ్మిదేళ్లు. అంతకుముందు మూడు కోళ్లు గుడ్డు అడ్డం పడి ఆమె ఒళ్లోనే కన్ను మూశాయి. పుతి నాలుగోది. రెండు పగళ్లు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం చర్చి గంట మూడు కొట్టాక, గోరువెచ్చటి నీళ్ల బేసిన్‌లో కూర్చున్న పుతి ఒళ్లంతా ఒక్కసారి బిగబట్టి గుడ్డు వదిలింది. ఒతిలియా దాన్ని నీళ్లలోంచి తీసి, ఎండకు పట్టి చూసి, "ఇంత ఏడిపిస్తావా ముండా!" అని గుడ్డునే తిట్టింది. ఆ తర్వాత బావి పక్కన కూర్చుని ఏడ్చింది. పుతి ఈకలు దులుపుకుని వెళ్లి నూకలు ఏరుకుంది. మరో ఆరేళ్లు బతికింది.

ఈ ఏడాది ఊరి పండుగకు అచ్చువేసిన పుస్తకంలో కోడిపందేల బరి కట్టించినవాళ్ల ఫోటోలున్నాయి, గెలిచిన పుంజుల ఫోటోలున్నాయి, కత్తులు నూరేవాడి ఫోటో కూడా ఉంది. ఆ పుంజులన్నీ ఏదో ఒక పెట్ట పెట్టిన గుడ్డులోంచే వచ్చాయన్న సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అందుకే నేను రాస్తున్నాను. నేను ఒతిలియా అక్కను. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. నా చేతిరాత బాగుంటుందని మా మేష్టారు నల్లబల్ల మీద తేదీ నాచేతే రాయించేవారు. ఒతిలియా రెండో తరగతితో బడి మానేసింది. కానీ కోడి నడక చూసి దాని కడుపులో ఏముందో చెప్పగలిగిన మనిషి ఈ తీరం పొడవునా ఆమె తప్ప ఇంకెవరైనా ఉంటే రమ్మనండి, నేను ఈ కాగితాలు చించేస్తాను.

ఇప్పటికి నూట పద్నాలుగు పెట్టలు ఆమె చేతుల్లో తేరుకున్నాయి. పంతొమ్మిది పోయాయి. పోయినవాటి సంగతి కూడా దాచకుండా చెప్తుంది. నాలుగింటిని, తన వల్ల కాదని తెలిసిన వెంటనే, పట్నంలో పశువుల డాక్టరు దగ్గరికి తనే బుట్టలో పెట్టుకుని బస్సెక్కించి తీసుకెళ్లింది. అది కూడా గొప్పే అంటాను నేను. తనకు రానిది రాదని చెప్పే మగవాణ్ణి మా ఊళ్లో నేనింకా చూడలేదు.

ఆమె దగ్గర మంత్రం లేదు. మా వైపు పెద్ద ఆడవాళ్లను నాంగ్, మనాంగ్ అని, పెద్ద మగవాళ్లను నోంగ్ అని, చిన్నవాళ్లను దాయ్, దోంగ్ అని పిలుస్తాం. పొద్దున్నే ఎవరో ఒకామె చంకలో కోడితో వస్తుంది.

"నాంగ్ తిలియా, నిన్నట్నుంచి గూట్లోకి పోతోంది, వస్తోంది, పోతోంది, వస్తోంది. గుడ్డు లేదు."

"మేత తింటోందా?"

"ముట్టట్లేదు."

"కింద దింపు. నడవనీ."

కోడి నడుస్తుంది. తోక వాలిపోయి, ఈకలు ఉబ్బి, కాళ్ల మధ్య ఏదో ఇరుక్కున్నట్టు వెడంగా అడుగులు వేస్తుంది. నిలబడితే నిటారుగా, తల మీద కుండ పెట్టుకున్న మనిషిలా నిలబడుతుంది. రెండు అడుగులకొకసారి ఆగి ముక్కుతుంది. తురాయి రంగు తగ్గి ఉంటుంది.

"నీ మొగుడు దీనికేం పెడుతున్నాడు?"

"అన్నమే."

"అన్నమొక్కటే పెడితే గుడ్డుకి పెంకు ఎక్కణ్నుంచొస్తుందే? నీ పళ్లు ఊడదీసి ఇస్తావా?"

తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కోడిని నడుము దాకా అరగంట కూర్చోబెడుతుంది. తుడిచి, గుడ్డు వచ్చే దారి చుట్టూ కొబ్బరినూనె రాస్తుంది. కాల్చి నూరిన ఆల్చిప్ప పొడి నీళ్లలో కలిపి ముక్కు పక్కనుంచి చుక్క చుక్కగా పోస్తుంది. గంప కింద కమ్మి, పైన గోనె కప్పి, చీకటి చేసి వదిలేస్తుంది. నొక్కదు. అదొక్కటే ఆమె వందసార్లు చెప్పే మాట: నొక్కకండి. లోపల గుడ్డు పగిలితే పెంకు ముక్కలు పేగును కోస్తాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. గుడ్డుతో పాటు లోపలి కండ బయటికి జారితే కడిగి, నల్ల పంచదార అద్ది, వాపు తీశాక మెల్లగా వేలితో లోపలికి పంపుతుంది. మా తీరం నిండా ఆల్చిప్పల గుట్టలే. ఆమె వాటిని కడిగి, ఎండబెట్టి, కాల్చి, బియ్యపు నూకంత అయ్యేదాకా దంచుతుంది. వచ్చినవాళ్లందరికీ ఒక డబ్బా ఇచ్చి పంపుతుంది.

ఇక మా చెల్లెలి మీద పడ్డ అభాండం సంగతి.

మా ఊరికి పైన కొండల్లో సెన్యోర్ ఎలిహియోకు పందెంపుంజుల ఫారం ఉంది. నెగ్రోస్ దీవిలో ఆయన పుంజులంటే పేరు. ఆ పుంజుల తల్లి రెయ్నా అనే ఎర్ర పెట్ట. ఫారం మేస్త్రి ఉర్బానో. పుంజులకు పందేనికి ముందు పెట్టే మేత ఉంటుంది కదా, ఉడికించిన మాంసం, గుడ్డు తెల్లసొన, బలం మందులు. ఉర్బానో అదే మేత పెట్టలకు కూడా పెట్టేవాడు. వీరుల తల్లులు వీరుల తిండి తినాలని అతని సిద్ధాంతం. పైగా వాటిని ఇరుకు గూళ్లలో కదలకుండా ఉంచేవాడు.

రెండేళ్ల కిందట బకోలోద్ పట్నం నుంచి వచ్చిన అతిథి ఒకాయన రెయ్నాను చూసి, "అబ్బ, ఎంత పెట్ట!" అన్నాడట. మెచ్చుకున్నప్పుడు దిష్టి తగలకుండా మేం అనే "పువేరా బుయాగ్" అనకుండా అన్నాడట. మర్నాడు రెయ్నా తోక వాల్చింది. ఇంకేముంది, దిష్టి తగిలిందన్నారు. దిష్టి పెట్టినవాడి ఉమ్మే దానికి విరుగుడని ఆ అతిథి కోసం బండి పంపి, ఆయన ఉమ్మి తెప్పించి కోడి పొట్టకు రాశారు. ఎండుటాకుల పొగ వేశారు. ఒక రోజు పోయింది. రెండో రోజు ఆ అతిథి భార్య కూడా మెచ్చుకుందని గుర్తొచ్చి ఆవిడ ఉమ్మి కూడా తెప్పించారు. మూడో రోజు పొద్దున ఉర్బానో కోడిని తువ్వాల్లో చుట్టుకుని మా చెల్లెలి వాకిట్లో దిగాడు.

ఒతిలియా తువ్వాలు విప్పి వాసన చూసింది.

"దీన్ని ఎవరు నొక్కారు, దోంగ్?"

"ఎవరూ నొక్కలేదు నాంగ్. మాకేం తెలీదా ఏంటి?"

"పొట్ట మెత్తగా ఉంది. గుడ్డు తగలట్లేదు."

"చూడు నాంగ్, నువ్వే ఏదో ఒకటి చెయ్యి. సెన్యోర్ చంపేస్తాడు నన్ను."

కోడిని అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కాకముందే రెయ్నా పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఒతిలియా నీళ్లలో కూడా పెట్టలేదు దాన్ని. ఒళ్లో పెట్టుకుని మెడ నిమురుతూ కూర్చుంది, అంతే. పోయాక చేపల కత్తి తెచ్చి, నా ఎదురుగా కోసి చూసింది. లోపల నా పిడికిలంత పసుపు కొవ్వు. ఉల్లిపొరలాంటి పెంకు ముక్కలు. చుట్టూ నల్లబడ్డ పాత నెత్తురు, వాసన. ఆ గుడ్డు పగిలి కనీసం ఒక పగలు గడిచింది.

ఉర్బానో సాయంత్రం వచ్చేసరికి మా చెల్లెలు అన్నీ ఆకులో పెట్టి చూపించింది. ఆ పెంకు ముక్కలనే పట్టుకుని ఉర్బానో నేరం ఆమె మీదికి తోశాడు. అలా చూపించడమే ఆమె చేసిన పొరపాటు అని ఊరంతా అన్నారు. నేను అనను. నిజం చూపించడం పొరపాటైతే ఇక చెప్పేదేముంది?

ఆ ఆదివారం బరిలో, పందేలు మొదలవకముందు, సెన్యోర్ ఎలిహియో లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు: "నా రెయ్నా లోపల గుడ్డు పగలగొట్టి చంపింది ఆ ఆల్చిప్పల ఆడది. ఆమె గడప తొక్కిన కోడి సంతతికి నా పుంజులతో పందెం లేదు."

ఆయన పుంజులతో పందెం లేదంటే మా ఊళ్లో ఆదివారమే లేదన్నమాట. మగవాళ్లు ఇళ్లకొచ్చి పెళ్లాలకు చెప్పారు. మరుసటి వారం నుంచి ఒతిలియా వాకిలి ఖాళీ.

ఖాళీ అంటే ముందు వాకిలి. వెనక కంచె దగ్గరికి మాత్రం వచ్చేవాళ్లు, తలల మీద తువ్వాళ్లు కప్పుకుని. ఒతిలియా ఏం చేసేదో తెలుసా? కంచె మీదుగా కోడిని అందుకునేది. "కోడి వచ్చింది. ఇక నువ్వు చుట్టూ తిరిగి ముందు నుంచి రా."

"అయ్యో నాంగ్, ఎవరైనా చూస్తే..."

"చూడనీ. దొంగిలించిన కోడా ఇది? రాకపోతే సాయంత్రానికి కూర చేస్తా."

పాపం, ఆవిడ మా వీధి మొత్తం తిరిగి, కొబ్బరికల్లు దుకాణం ముందు నుంచి, అందరి కళ్ల ముందు నడిచి ముందు వాకిట్లోకి రావలసి వచ్చేది. మొదట్లో ఇద్దరు. తర్వాత అయిదుగురు. కూర చేస్తానన్నది ఉత్త బెదిరింపు. కోడి కోలుకునేదాకా ఆమె అన్నం కూడా సరిగా తినదు. కానీ ఎవరికీ ఆ అనుమానం తీర్చలేదు.

"ఎందుకే దాయ్ ఈ మొండితనం?" అని నేనే ఒకసారి అడిగాను. "వెనక నుంచి వస్తే రానీ. కోళ్లు బతుకుతున్నాయిగా."

"వెనక నుంచి వచ్చేది రోగం కాదు మనాంగ్, భయం. దానికి నా దగ్గర మందు లేదు. నడిపించడమే మందు."

అలా ఏడాదిన్నర గడిచింది. సెన్యోర్ అన్న మాట ఆమె మీద పడ్డ చోటే, ఆ బరిలోనే, అన్నవాడి నోటితోనే వెనక్కి రావాలి. అంతవరకు ఆ ఫారం గేటు తొక్కనని ఒట్టు పెట్టుకుంది. నాకైతే అది జరుగుతుందన్న నమ్మకం లేదు. సెన్యోర్లు మాట వెనక్కి తీసుకోవడం నా అరవై ఎనిమిదేళ్లలో చూడలేదు.

ఈ ఏడాది ఆగస్టులో కొండ మీద తోలుగుడ్లు మొదలయ్యాయి. పెంకు లేకుండా, తడి సంచిలా ఉండే గుడ్లు. పెట్టలు వాటిని పొడుచుకు తిన్నాయి. తర్వాత ఒక్కొక్కటే తోకలు వాల్చాయి. ఉర్బానో అతిథులందరికీ ఫారం తలుపులు మూసేశాడట, దిష్టి తగలకుండా. అయినా నెలలో ఏడు పెట్టలు పోయాయి.

అక్టోబరు మూడో వారంలో ఒక పొద్దున వెనక కంచె దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే ఉర్బానో. చేతిలో బుట్ట, బుట్టలో రెయ్నా కూతురు.

"నాంగ్... ఇంకా ముక్కుతోంది. నొక్కలేదు. ఒట్టు, ఈసారి వేలు కూడా వెయ్యలేదు."

"ఈసారి" అన్న మాట నేనూ విన్నాను, ఒతిలియా కూడా విన్నది. కంచె మీదుగా బుట్ట అందుకుంది.

"కోడి వచ్చింది. నువ్వు చుట్టూ తిరిగి రా, దోంగ్ ఉర్బానో."

"నాంగ్, నేను ఫారం మేస్త్రిని..."

"అందుకే బాగా మెల్లగా నడిచి రా. అందరూ చూడాలిగా."

నడిచాడు. కల్లు దుకాణం దగ్గర ఎవడో ఈల వేశాడు. "ఏంటి మేస్త్రీ, మీ పుంజు ఆల్చిప్పలావిడ ఇంట్లో దూరిందా?" ఉర్బానో తల దించుకుని వచ్చి ముందు మెట్టు మీద కూర్చున్నాడు. మూడు గంటలు కూర్చోబెట్టింది అతన్ని. లోపల కోడి నీళ్లలో, తర్వాత గంప కింద. రెండోసారి నీళ్లలో పెట్టాక గుడ్డు వచ్చింది, గరుకుగా, ఒక పక్క నొక్కుకుపోయి. ఒతిలియా ఆ గుడ్డు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "రెయ్నాను నేనే నొక్కాను, నాంగ్. బయటికొస్తుందనుకున్నా. లోపల చిట్లిన శబ్దం విన్నాను. సెన్యోర్‌కి చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"నాకు చెప్పి ఏం లాభం? నాకు ఆ రోజే తెలుసు."

"ఈ కోడిని బతికించావు. నా మీద కోపం లేదా?"

"నీ మీద చాలా ఉంది. కోడి మీద లేదు. అది అబద్ధమాడలేదు."

ఉర్బానో కొండెక్కి సెన్యోర్‌కు చెప్పాడు. చెప్పినందుకు అతన్ని కూడా మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను, పువేరా బుయాగ్. మూడో రోజు సెన్యోర్ ఎలిహియో స్వయంగా వచ్చాడు. జీపు దిగి ముందు వాకిట్లోంచే వచ్చాడు. వెనక దారి ఉందని ఆయనకు తెలియదు.

"మనాంగ్ ఒతిలియా, జరిగిందేదో జరిగింది. ఫారానికి రండి. అరవై రెండు పెట్టలున్నాయి."

"వస్తాను సెన్యోర్. ముందు బరిలో ఆ మాట వెనక్కి తీసుకోండి."

"ఇప్పుడు మీ ఇంటికొచ్చి చెప్తున్నానుగా."

"ఇక్కడ నేనూ మా అక్కా ఉన్నాం. ఆ రోజు విన్నవాళ్లు ఇక్కడ లేరు."

"సరే, ఆదివారం చెప్తాను."

"నా ఎదురుగా."

సెన్యోర్ నవ్వాడు. "బరిలోకి ఆడవాళ్లు రారు మనాంగ్. పుంజులకు చేటని మీకు తెలియదా?"

"నా పేరు వెళ్లింది కదా లోపలికి. దాని వెనకాలే నేనూ వస్తాను."

ఆదివారం మేమిద్దరం వెళ్లాం. నేను కూడా, ఈ వయసులో మొదటిసారి. ఒతిలియా చంకలో పుతి ఉంది. మొదటి పుతికి మునిమనవరాలు, పేరూ రంగూ అవే. మేం లోపలికి అడుగు పెట్టగానే పై వరసలోంచి ఒకడు అరిచాడు: "ఒరేయ్, పెట్టతో పందెం కట్టడానికొచ్చార్రోయ్!" జనం గొల్లున నవ్వారు.

ముందు వరసలో ముసలాయన ఒకడు చేతులెత్తాడు. "అయిపోయింది. ఇవ్వాళ నా పుంజు చచ్చినట్టే. ఆడది కాలు పెట్టింది."

"నీ పుంజుని కన్నది ఎవరు నోంగ్, నువ్వా?" అంది ఒతిలియా. జనం నవ్వు ఆయన మీదికి తిరిగింది.

సెన్యోర్ ఎలిహియో లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "రెయ్నా లోపల గుడ్డు పగిలింది నా ఫారంలో. ఈమె చేతిలో కాదు. నేనన్నది తప్పు. ఈమె దగ్గరికి ఎవరైనా కోళ్లను తీసుకెళ్లొచ్చు."

"పై వరసకి వినపడలేదు సెన్యోర్," అంది మా చెల్లెలు.

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా రెండోసారి చెప్పాడు, ఇంకా గట్టిగా. నేను ఆ మాటలు అలాగే, ఒక్క అక్షరం మార్చకుండా, ఇంటికొచ్చి రాసి పెట్టుకున్నాను. పైన ఉన్నవి అవే. ఇక ఆ ముసలాయన పుంజు ఆ రోజు గెలిచింది. దాని సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఒతిలియా తన షరతులు చెప్పింది. పెట్టలకు పందెం మేత ఆపాలి. గూళ్లు తెరిచి పగలంతా నేల మీద తిరగనివ్వాలి. ఆల్చిప్ప నూక ఎప్పుడూ వేరే తొట్టిలో ఉండాలి, మేతలో కలపకూడదు. ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. ఏ కోడినీ ఎవరూ నొక్కకూడదు. మూడు వారాలు తను అక్కడే ఉండి ఒక్కో పెట్ట నడక చూస్తుంది. ఉర్బానోను పనిలోంచి తీయకూడదు. ఇప్పుడు వాడికి తెలిసినంత కొత్తవాడికి తెలియదు కాబట్టి.

సెన్యోర్ అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఆరు గోనెల ఆల్చిప్ప నూక జీపులోకి ఎక్కించారు. ఉర్బానోనే మోశాడు. అక్కడితో ఊరుకోకుండా ఆయన, "ఉండిపొండి మనాంగ్. మీకో ఇల్లు కట్టిస్తాను ఫారంలో," అన్నాడు. అది ఊరంతా పాకింది. ఇప్పుడు కల్లు దుకాణం దగ్గర ఒకటే మాట: ఒతిలియా ఇక దిగిరాదు, కొండ మీద దొరసానిలా ఉంటుంది, మన కోళ్ల గతి ఏంటి? నిన్న కంచె మీదుగా ఒకామె అడిగింది. చుట్టూ తిరిగి ముందు నుంచి వస్తే చెప్తానన్నాను. వచ్చింది. చెప్పాను. మీకూ చెప్తాను.

జీపు ఎక్కే ముందు మా చెల్లెలు పుతిని పదకొండు గుడ్ల మీద పొదగేసింది. వంటింటి మూల, గంపలో, ఎండుగడ్డి వేసి. ఒక్కో గుడ్డూ ఎండకు పట్టి చూసి పెట్టింది. పుతి పెట్టినవే, గట్టి పెంకువి. రోజుకొకసారి పుతిని లేపి నీళ్లు తాగించమని, ఆల్చిప్ప డబ్బా దగ్గరగా ఉంచమని, గుడ్లు మాత్రం నేను ముట్టొద్దని చెప్పింది. "పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చేటప్పుడు నేను ఉంటాను మనాంగ్. పెంకు బయటి నుంచి గిల్లకు. వాటంతటవి రానీ."

నవంబరు మొదటి తారీఖున అందరూ సమాధులకు దీపాలు పెట్టుకుంటారు, ఆమె లేని లోటు నేను తీరుస్తాను. మా ఆయనకూ, వాళ్లాయనకూ నేనే రెండు కొవ్వొత్తులు వెలిగిస్తాను. కోళ్లకు ఏమైనా అయితే అంతవరకు గోరువెచ్చటి నీళ్లు, కొబ్బరినూనె, గంప, చీకటి. నొక్కకండి. తన గుడ్ల మీద తన కోడిని కూర్చోబెట్టి వెళ్లిన మనిషి ఎవడి కొండ మీదా ఉండిపోదు. పొదగేసింది అక్టోబరు ఇరవై ఎనిమిదిన. కోడి ఇరవై ఒక్క రోజులు కూర్చుంటుంది. ఒతిలియా తిరిగొచ్చేది నవంబరు పద్దెనిమిది.